ట్రే ఎత్తే చేయి

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉన్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో సీనియర్ డేటా ఆర్కిటెక్టుగా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అది ఆఖరి పోస్టింగు. అంతకు ముందు చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తరఫున బ్యాంకులకూ బీమా కంపెనీలకూ డేటా వేర్‌హౌస్‌లు రూపకల్పన చేశాను. సొంత ఊరు నెల్లూరు, మా చర్చి సంఘం కూడా అక్కడే కాబట్టి జీతం తక్కువైనా ఒప్పుకున్నాను. నియామకపు ఉత్తరంలో నా హోదా ఒక వరుసంత పొడుగుండేది. ఆఫీసులో మాత్రం అందరూ ‘కంప్యూటర్ మేడమ్’ అనేవారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవారు.

నేను నేరుగా ఎం.డి. గారికి జవాబుదారీ. నాతో సమానమైన హోదాలో కొనుగోళ్ల మేనేజరు మస్తాన్ గారు ఉండేవారు. రొయ్యలు పెంచే గుంటల మీద తిరిగే ఫీల్డు సిబ్బంది అంతా ఆయన మనుషులే. ఆయనది నెల్లూరులో అత్తర్లూ టోపీలూ అమ్మే కుటుంబం. సువాసన నుంచి రొయ్యల్లోకి ఎట్లా వచ్చారని కొత్తవాళ్లు అడిగితే, దారి తప్పానని చెప్పేవారు.

కంపెనీకి వేర్‌హౌస్ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. విదేశీ కొనుగోలుదారులు ఒక షరతు పెట్టారు. పెట్టెలో ఉన్న రొయ్య ఏ గుంటలో పెరిగింది, దాన్ని పెంచిన రైతు ఎవరు, ఆ రైతు సరుకులో అంతకు ముందెప్పుడైనా యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడ్డాయా, ఇవన్నీ అడిగిన వెంటనే చూపించాలి. దాన్ని బట్టి ప్రతి రైతుకూ ఒక రంగు. పచ్చ అయితే కొంటాం. పసుపు అయితే రెండుసార్లు పరీక్షించి కొంటాం. ఎరుపు అయితే ఏడాది పాటు కొనం. కొనకపోవడమే కాదు, ఎరుపులో ఉన్నవారి గుంట నుంచి పరీక్షకు శాంపిల్ తీయడానికి కూడా సిస్టం టోకెన్ ఇవ్వదు.

రోజువారీ పనికి వాడే డేటాబేస్ వేరు, వేర్‌హౌస్ వేరు. మొదటిది ఈ రోజు లారీ వచ్చిందా లేదా అని చెబుతుంది. రెండోది ఇన్నేళ్లుగా వచ్చిన లారీలన్నిటినీ ముందు పెట్టుకుని ప్రశ్న అడగడానికి పనికొస్తుంది. అందులో పట్టికలు రెండు రకాలు. జరిగిన సంగతి, దాని కొలత ఉండేది ఫ్యాక్ట్ పట్టిక. ఆ సంగతి చుట్టూ ఉండే వివరాలు డైమెన్షన్లు. నేను చాలాకాలం మా సంఘంలో సండే స్కూలు టీచరుగా ఉన్నాను. కథ చెప్పాక పిల్లల్ని అడిగేవి మూడే ప్రశ్నలు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. డైమెన్షన్లంటే అవే. కొత్తగా చేరిన ప్రోగ్రామర్లకు నేను ఇంతకంటే ఎక్కువ వివరించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, ఫ్యాక్ట్ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటన్నది. దీన్ని మా వృత్తిలో గ్రెయిన్ అంటారు. ఎం.డి. గారు రైతుకొక వరుస చాలన్నారు. మస్తాన్ గారు లారీకొక వరుస కావాలన్నారు. ఒక గుంటలో, ఒక పంటలో, ఒకసారి వల వేసి పట్టిన పట్టుబడికి ఒక వరుస అని నేను పట్టుబట్టాను. దాని మీదే వారాలు గడిచాయి. చివరికి నా మాటే నెగ్గింది. రైతుల డైమెన్షన్‌లో వివరాలు మారినప్పుడు పాత వరుసను చెరిపేయకుండా, అది ఏ తేదీ వరకు చెల్లిందో రాసి, పక్కన కొత్త వరుస చేర్చే పద్ధతి పెట్టాను. క్షమించిన పాపాన్ని ఇక తలచుకోనని దేవుడు అనవచ్చు. ఆ అధికారం వేర్‌హౌస్‌కు లేదు.

ఏడాది చివరికి పాత సంవత్సరాల సమాచారమంతా ఎక్కించి మొదటి నివేదికలు తీశాం. వాటిలో ఒక విశేషం కనిపించింది. రైతుల్లో స్త్రీలు పంట పంటకూ పెరుగుతున్నారు. అంతేకాదు, కొత్తగా వచ్చిన స్త్రీలలో దాదాపు అందరూ పచ్చలోనే ఉన్నారు. మగవాళ్లు తప్పిన పరీక్షలు వీళ్లు తప్పడం లేదు. ఎం.డి. గారు ఆ గ్రాఫును గోడ మీద పెద్దగా వేయించారు. స్త్రీల సాధికారత అంటే కొనుగోలుదారులకు ఇష్టమనీ, దాని మీద ఒక బ్రోషర్ వేద్దామనీ అన్నారు. నేనూ తక్కువ సంతోషించలేదు. ఆ శనివారం మా స్త్రీల సమాజంలో నిలబడి, ఈ తీరంలో దేవుడు స్త్రీలను లేవనెత్తుతున్నాడని, దానికి నా దగ్గర పట్టికతో సహా రుజువుందని సాక్ష్యం చెప్పాను. పాస్టరమ్మ గారు కన్నీళ్లు పెట్టుకున్నారు.

బ్రోషర్‌కు ఫోటోలు కావాలి. ఆ గ్రాఫులో ఉన్న స్త్రీలలో ముగ్గురిని చూపించమని మస్తాన్ గారిని అడిగాను. ఆయన గొంతు సవరించుకున్నారు. ఫోటోలు నెట్‌లో తీసుకుంటే బాగుంటాయనీ, అక్కడి స్త్రీలు ఇంకా శుభ్రంగా ఉంటారనీ సలహా ఇచ్చారు. నేను వినకపోయేసరికి కారు తీశారు.

మొదటి ఇంట్లో రైతు గారు పెద్దావిడ, టీవీ చూస్తున్నారు. మీ గుంటలో కౌంట్ ఎంతొచ్చిందని అడిగాను. కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. రొయ్యలు పెంచే ఇంట్లో అందరి నోటా నలిగే మాట అది. ఆవిడ కాసేపు ఆలోచించి, మా అల్లుడు వస్తాడు, వాణ్ణి అడగమ్మా అన్నారు. రెండో ఇంట్లో రైతు అసలు దేశంలోనే లేదు. కువైట్‌లో పనికి పోయి రెండేళ్లయింది. ఆమె తమ్ముడు చాలా మర్యాదస్తుడు. వీడియో కాల్ చేస్తాను, అందులో ఫోటో తీసుకోండి మేడమ్ అన్నాడు.

కారులో కూర్చున్నాక మస్తాన్ గారి వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పారు.

“ఇంటాయన పేరు మీద ఒక పంట పోయిందనుకోండి మేడమ్. తరువాత పంటకి ఇంట్లో ఎవరి చేతివాసి మంచిదో చూసుకుంటారు. పెళ్లాందో, కూతురిదో, అత్తదో. లీజు కాగితం కాడ నుంచి రొయ్యపిల్లల సీడు బిల్లు దాకా అన్నీ ఆమె పేరు మీదే. ఈడ అందరూ చేసేదే గదా.”

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు అడగలా. పైగా ఎం.డి. గారు గోడకి బొమ్మ తగిలించుకోని అంత సంతోషంగా ఉంటే, యాడ చెప్పేది?”

ఇందులో మోసమేమీ లేదని గమనించాలి. కంపెనీని ఏమార్చడానికి ఎవరూ పేర్లు మార్చలేదు. మా రంగుల పద్ధతి రాకముందు నుంచీ ఈ అలవాటు ఉంది. ప్రతి కాగితమూ నిజమైనదే, ప్రతి సంతకమూ ఆమెదే. మా ప్రోగ్రాములు ఆ నిజాన్ని ఎక్కడా తప్పు లేకుండా ఎత్తి వేర్‌హౌస్‌లో పోశాయి. పరీక్ష తప్పిన భర్త ఎరుపులోకి పోయాడు. మరుసటి పంటకు ఆయన భార్య మచ్చలేని కొత్త రైతుగా పచ్చలో పుట్టింది. ఆమె పంట పోతే కూతురు పుడుతుంది. గోడ మీద పెరుగుతున్నది స్త్రీలు కాదు, పోయిన పంటలు.

ఇదంతా మూఢనమ్మకమని కాస్త గట్టిగానే అన్నాను. మీరు కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు కదా అన్నారు మస్తాన్ గారు. అది వేరు అన్నాను. ఎట్లా వేరో వివరించబోయేలోపు ఆయన కారు ఆపి, టీ చెప్పడానికి దిగారు.

మూడో పేరు రమణమ్మ. తోటపల్లి గూడూరు మండలంలో, ఉప్పుకాలువ పక్కన ఆమె గుంట. మేం వెళ్లేసరికి ఆమె నడుముకు కొంగు బిగించి, చెక్క బల్ల మీద వంగి ట్రే పైకి లాగుతోంది. ట్రే అంటే నాలుగు వైపులా అంచున్న చిన్న వల పళ్లెం. అందులో గుప్పెడు మేత వేసి గుంట అడుగుకు దించుతారు. కొంతసేపయ్యాక ఎత్తి, మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండిందా అని చూస్తారు. దాన్ని బట్టి తరువాతి మేత పెంచడమో తగ్గించడమో చేస్తారు. ట్రే ఎత్తడం జీతగాళ్లకు అప్పగించే పని కాదు. ఏ గుంటకైనా నిర్ణయాలు తీసుకునేది ఎవరో, ట్రే ఎత్తేది వారే.

కౌంట్ అడిగాను. చెప్పింది. మేత అడిగాను. ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా చెప్పింది. నేను నాలుగో ప్రశ్న అడగబోతే, ముందు ఆ చెప్పులు తీసి కట్ట మీదకి రా అమ్మా, జారతాది అంది. ఆ గుంటలో అంతకు ముందు ఆమె భర్త పోలయ్య రొయ్యలు వేశాడు. రొయ్యలు మేత తినకపోతే, మందుల షాపు వాడిచ్చిన పొడి ఏదో కలిపి చల్లాడు. మా ల్యాబులో అవశేషాలు బయటపడి, సరుకంతా వెనక్కి పోయింది. తరువాత ఆయన మైపాడులో అన్న బోటు మీదకు వేటకు వెళ్లిపోయాడు. రమణమ్మ గుంట యజమానితో మాట్లాడుకుని లీజు తన పేరున రాయించుకుంది. చేతివాసి కోసమా అని అడిగితే నవ్వింది.

“చేతివాసి గాదు, ఏం గాదు. ఆయన సముద్రానికి పనికొస్తాడు. నీళ్లు కదలకుండా ఉంటే ఆయనకి బుర్ర పనిచెయ్యదు.”

ట్రే పట్టుకుని నిలబడి ఉన్న ఆమె ఫోటో తీసుకున్నాం. బ్రోషర్ అట్ట మీద అదే వేశారు.

తిరిగి వచ్చి, పాత కాగితాలన్నీ సరిచూసుకుని, కొన్ని వారాల తరువాత ఎం.డి. గారికి జరిగింది నివేదించాను. ఆయన ఒకే సమావేశంలో రెండు నిర్ణయాలు తీసుకున్నారు. బ్రోషర్ అచ్చయిపోయింది కాబట్టి అది అట్లాగే పోతుంది. అందులో రైతు అంటే కాగితం మీద పేరున్నవారు. కొనుగోలుకు మాత్రం ఇకపై ఒకే రేషన్ కార్డులో ఉన్నవాళ్లంతా కలిసి ఒకే రైతు. మొగుడికి పడ్డ ఎరుపు పెళ్లానికీ కూతురికీ అత్తకూ పడాలి. ఒక సంస్థకు ఒకే సత్యం ఉండాలన్నదే వేర్‌హౌస్ ఉద్దేశమని నేను గుర్తు చేశాను. ఇంట్లో కట్టుకునే చీరా, పెళ్లికి కట్టుకునే చీరా ఒకటేనా మేడమ్ అని ఆయన అడిగారు.

సాంకేతికంగా ఆ పని కష్టం కాదు. నిజానికి చాలా శుభ్రమైన పని. కుటుంబమనే డైమెన్షన్ ఒకటి కట్టి, రేషన్ కార్డు ఆధారంగా ప్రతి కుటుంబానికీ ఒక కీ ఇచ్చి, మనుషులందరినీ దానికి ముడివేశాం. కీ అంటే మనిషికో వస్తువుకో మేమిచ్చే గుర్తింపు సంఖ్య. ఒకే కీ ఉన్న ఇద్దరు మనుషులు కంప్యూటర్‌కు ఒకే మనిషి. ఎక్కించే ముందు అలవాటు ప్రకారం ప్రార్థన చేసుకున్నాను. ఎక్కడా చిన్న లోపం కూడా రాలేదు. కువైట్‌లో ఉన్న అమ్మాయి అక్కడే ఉండి ఎరుపులోకి వెళ్లింది. టీవీ చూసే పెద్దావిడ సీరియల్ మధ్యలో ఎరుపులోకి వెళ్లింది. రమణమ్మ గుంటకు శాంపిల్ టోకెన్ అడిగితే సిస్టం ఇవ్వలేదు.

ఎండలు ముదిరిన రోజులవి. రమణమ్మ పంట పట్టుబడికి వచ్చింది. పక్క గుంటలో వైట్ స్పాట్ తగిలింది. ఆ జబ్బు కట్ట దాటితే రొయ్య బతకదు. అప్పుడు పట్టకపోతే పట్టడానికి ఏమీ మిగలదు. మా కంపెనీ వద్దన్నదని తెలిస్తే గట్ల మీద తిరిగే దళారులు కూడా దగ్గరికి రారు, వచ్చినా సగం ధరకు అడుగుతారు. ఆమె ఆటోలో మా ఆఫీసుకు వచ్చి, మస్తాన్ గారి గదికి కాకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“మీ కంప్యూటర్లో నేనూ ఆయనా ఒకటే అనేసినారంట. పెళ్లిలో పంతులు గూడా అదే అన్నాడు. మా ఊళ్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదమ్మా.”

నేను సిస్టం నియమం వివరించాను. ఆమె చివరి వరకూ వింది.

“ఆయన పొడి చల్లినాడు, ఆయన పంటలో చల్లినాడు. నేను చల్లింది మేత. నువ్వే వచ్చి చూసినావు గదా. నా నీళ్లు తీసుకోని పోయి పరీక్ష చెయ్యండి. తప్పుంటే పారబోసుకుంటా. చెయ్యకుండానే తప్పంటే ఎట్టా?”

మా సంఘంలో పెళ్లి జరిపించేటప్పుడు ఇకపై వీరు ఇద్దరు కాదు, ఒక్కరేనని పాస్టరు గారు ప్రకటిస్తారు. నేను ఆ మాటను పూర్తిగా నమ్ముతాను. అయితే దాన్ని కీగా వాడుకోవచ్చని నాకు ఎవరూ బోధించలేదు. పైగా తీర్పు రోజున భార్య భార్యగా, భర్త భర్తగా, ఎవరి లెక్క వారు అప్పగించుకోవాలని కూడా అదే సంఘంలో నేర్చుకున్నాను. పెళ్లి వాక్యం ఒక డైమెన్షన్, తీర్పు వాక్యం ఒక డైమెన్షన్. నేను రెంటినీ కలిపేశాను.

ఆమె బయట వరండాలో కూర్చుంది. మస్తాన్ గారు లోపలికి వచ్చి తలుపు వేశారు. ఒక్క వరుస మార్చమన్నారు. రమణమ్మ కీ తీసి వేరే సంఖ్య వేస్తే టోకెన్ వస్తుంది, మధ్యాహ్నానికి శాంపిల్ తీయవచ్చు. అది నిజమే. నాకు ఆ అనుమతి ఉంది, పట్టుమని నిమిషం కూడా పట్టని పని. నేను కుదరదన్నాను. వేర్‌హౌస్‌లో వరుసను చేత్తో దిద్దకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడ సరిచేసి, మొత్తం మళ్లీ ఎక్కించాలి. ఈ రోజు దయతో ఒక వరుస దిద్దితే, రేపు అదే చేత్తో ఇంకెవరో ఇంకెందుకో దిద్దుతారు. అప్పుడు పచ్చకూ విలువుండదు, ఎరుపుకూ ఉండదు.

“అంటే ఆమెకి న్యాయం జరిగే ముందు మీ పట్టికకి న్యాయం జరగాలి” అన్నారు మస్తాన్ గారు.

ఔనన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. ఆ రోజు ఆయన నాతో టీ తాగలేదు.

సరిచేయవలసింది ఏమిటో ఆలోచిస్తుంటే నాకు బీమా కంపెనీలో చేసిన పని గుర్తొచ్చింది. పాలసీలో ముగ్గురు మనుషులుంటారు: పాలసీ తీసుకున్నవారు, ప్రీమియం కట్టేవారు, నామినీ. ముగ్గురూ మనుషుల డైమెన్షన్ నుంచే వస్తారు, కానీ ఒక్కొక్కరిది ఒక్కొక్క పాత్ర. ఒకే మనిషి రెండు పాత్రల్లో ఉండవచ్చు, మూడింటిలోనూ ఉండవచ్చు, ఎవరినీ ఎవరితోనూ కలపనక్కరలేదు. ఇక్కడా అంతే. పట్టుబడి వరుసలో రైతు అని ఒకే గడి పెట్టడమే చిక్కు. దాన్ని మూడు గడులు చేశాను. పేరు ఎవరిది, లీజు ఎవరిది, ట్రే ఎవరు ఎత్తారు. రంగు మూడో గడిని బట్టి రావాలి.

మొదటి రెండింటికీ కాగితాలున్నాయి. మూడోదానికి ఏ కాగితమూ లేదు. పాత పంటల విషయంలో ఫీల్డు సిబ్బందిని ఒక్కొక్కరినీ పిలిచి, ఫలానా గుంటలో ట్రే ఎవరు ఎత్తేవారని అడిగి రాయించాం. ఇకపై ప్రతి సందర్శనలోనూ వాళ్లు కళ్లారా చూసి ఫోన్‌లో నమోదు చేయాలి. మస్తాన్ గారు నాతో మాట్లాడకుండానే తన మనుషులందరినీ రప్పించారు. వాళ్లు ఎవరి పేరు చెప్పడానికీ తడుముకోలేదు. తీర ప్రాంతమంతటికీ తెలిసిన సంగతి మా కంప్యూటర్‌కు మాత్రమే తెలియదు.

ఎం.డి. గారి సంతకం లేకుండా రంగుల నియమం మారదు. ఆయన కొత్త లెక్క చూశారు. ట్రే ప్రకారం లెక్కేస్తే గోడ మీద గ్రాఫులో ఉన్న స్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఇది కొనుగోలుదారులకు ఎట్లా చూపిస్తామన్నారు. కాసేపయ్యాక, అట్ట మీద ఉన్నామె మిగులుతుందా అని అడిగారు. మిగులుతుందని చెప్పాను. ఆయన సంతకం పెట్టారు. న్యాయం, కచ్చితత్వం గురించి నేను తయారు చేసుకుని వెళ్లిన వివరణ మొత్తం సంచిలోనే ఉండిపోయింది.

పరీక్షించి, మళ్లీ ఎక్కించి, సరిచూసుకునేసరికి వారాంతమైంది. సోమవారం ఉదయం రమణమ్మ పేరు పచ్చలో ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. టోకెన్ తీసుకుని నేనూ మస్తాన్ గారూ గుంటకు వెళ్లాం. గుంటలో నీళ్లు లేవు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు కడిగి కట్ట మీద ఆరబెట్టారు. అడుగు బురదలో కొంగలు దొరికింది ఏరుకుంటున్నాయి. రమణమ్మ వల చిరుగులు కుట్టుకుంటోంది. టోకెన్ వచ్చిందని చెప్పాను.

“మంచిదమ్మా. రొయ్యలు శుక్రవారమే పోయినాయి.”

ఎక్కడికి పోయాయంటే, కాకినాడ వైపు కంపెనీ ఒకటి, మా పోటీదారు, లారీ పంపి తీసుకుపోయింది. మా దగ్గర ఎరుపులో ఉందని తెలిసి కూడా ఎట్లా తీసుకున్నారని మస్తాన్ గారు అడిగారు. ఆమె లేచి వెళ్లి గుడిసెలోంచి మా బ్రోషర్ తెచ్చింది. అట్ట మీద ట్రే పట్టుకుని ఆమె, కింద కంపెనీ గుర్తు, ఆదర్శ రైతు అన్న అక్షరాలు.

“ఇది చూపించినా. ఎరుపయితే అట్ట మీద ఎందుకేస్తారని వాళ్లే అన్నారు. నీళ్లు పరీక్ష చేసినారు, రొయ్య పరీక్ష చేసినారు. ఏం లేదన్నారు. మంచి ధరే ఇచ్చినారు.”

మస్తాన్ గారు బ్రోషర్ అటూ ఇటూ తిప్పి చూశారు. అచ్చు బాగా వచ్చింది కదా మేడమ్ అన్నారు. వారం రోజుల తరువాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

అట్లా మా కంపెనీ రెండు సత్యాల్లో ఒకటి ఆమెను వెళ్లగొట్టింది, రెండోది ఆమెను పోటీదారుకు సిఫారసు చేసింది. నా మూడో సత్యం, అన్నిటికంటే కచ్చితమైనది, ఒక వారాంతం ఆలస్యంగా వచ్చింది. ఎం.డి. గారికి ఈ సంగతి మస్తాన్ గారే చెప్పారు. ఎంత వివరంగా చెప్పారో నాకు తెలియదు. తరువాత గోడ మీద గ్రాఫు తీసేసి, అక్కడ క్యాలెండరు తగిలించారు. నేను కూడా స్త్రీల సమాజంలో నా సాక్ష్యం సరిచేసుకోవాలని వెళ్లాను. మా దగ్గర సాక్ష్యం చెప్పడానికి సమయం ఇస్తారు గానీ, సవరించుకోవడానికి ప్రత్యేకంగా సమయమంటూ లేదు. చివరికి ప్రకటనల కింద, వనభోజనం తేదీకీ తప్పిపోయిన గొడుగుకూ మధ్యన చెప్పాను. పాస్టరమ్మ గారు ఈసారి కన్నీళ్లు పెట్టుకోలేదు.

మరుసటి పంటకు రమణమ్మను తిరిగి తెచ్చుకోవాలని ఎం.డి. గారు పట్టుబట్టారు. మస్తాన్ గారు రెండు మూడు సార్లు తిరిగి ఒప్పించారు. ఒప్పుకుంది. సీడు వదిలాక వివరాలు సిస్టంలోకి వచ్చాయి. పేరు దగ్గర పోలయ్య అని ఉంది. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఆమెకు ఫోన్ చేశాను.

“పొరపాటేం లేదమ్మా. పోయిన పంట నా పేరు మీదేస్తే మీ కాడ ఎరుపైంది. నా పేరు ఈడ కలిసి రాలేదు. ఈసారి ఆయన పేరు మీద వేసినా.”

ఆమె దృష్టిలో అది నిజం. ఆమె పేరు మా కంపెనీలో నిజంగానే కలిసి రాలేదు.

ఆ పంట పట్టుబడి రోజుల్లోనే కొనుగోలుదారు తరఫున తనిఖీ అధికారి ఒకాయన వచ్చాడు. చెన్నై మనిషి, తెలుగు కొంచెం వచ్చు. రికార్డులు చూస్తూ ఒక వరుస దగ్గర ఆగాడు. పేరు పోలయ్య. ఈయన పాత సరుకు పరీక్ష తప్పింది, ఈ వరుస పచ్చలో ఎట్లా ఉందని అడిగాడు. మిగతా రెండు గడులు చూపించాను. లీజు రమణమ్మ, ట్రే రమణమ్మ. మరి ఈ పోలయ్య ఎవరన్నాడు. ఆమె భర్త అని మస్తాన్ గారు చెప్పారు.

“ఈ గుంటలో ఆయన పని ఏమిటి?”

“పేరివ్వడం సార్” అన్నారు మస్తాన్ గారు.

అధికారి ఆ మాట రాసుకోలేదు. వరుస మాత్రం ఆమోదించాడు.

ఆ పట్టుబడికి శాంపిల్ టోకెన్ అడిగిన రోజే వచ్చింది, పరీక్ష నెగ్గింది, సరుకు మా లారీలోనే వెళ్లింది. పేరు మీద రంగు వేసే పాత పద్ధతే ఉండి ఉంటే ఆమె రెండోసారి కూడా ఎరుపులో ఆగిపోయేది. ఈసారి పోలయ్య పేరు వల్ల.

ఆ పోస్టింగు తరువాత రిటైరయ్యాను. ఈ వృత్తిలో కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుందని, నేను నేర్చుకున్నది రాస్తున్నాను. మనుషుల డైమెన్షన్ కట్టేటప్పుడు ‘ఎవరు’ అన్న ప్రశ్నకు ఒకే గడి పెట్టకూడదు. పేరు రాసేవారూ, కాగితం పట్టుకునేవారూ, పని చేసేవారూ వేరువేరు మనుషులు కావచ్చు, వచ్చే ఏడాది వాళ్లలో వాళ్లు చోట్లు మార్చుకోవచ్చు. ఎవరి గడి వారికిచ్చి, తీర్పును పని చేసినవారి గడికి కట్టాలి. ఎవరు ఏ పేరుతో పిలిపించుకోవాలో నిర్ణయించడం డిజైనరు పని కాదు. రెండోది, సరిగ్గా చేసిన పని పట్టుబడి అయ్యాక అందితే దాన్ని సరిగ్గా చేసినట్టు లెక్కించకూడదు. చేత్తో వరుస దిద్దకూడదన్న నియమాన్ని నేను ఇప్పటికీ సమర్థిస్తాను. ఆ నియమం ఖర్చు ఆ వేసవిలో రమణమ్మ మీద పడలేదంటే, కారణం నా డిజైన్ కాదు, అచ్చు బాగా వచ్చిన బ్రోషర్.